పదివేల వరహాల పద్దు

హైదరాబాదు పాతబస్తీలోని మాదన్నపేటను ఇవాళ ఎక్కువమంది కూరగాయల మండీతో గుర్తుపడతారు. ఆ పేరులో ఉన్న మాదన్న మాత్రం లెక్కల మనిషి. గోలకొండ కొలువులో సయ్యద్ ముజఫర్ దగ్గర లెక్కలు చూసే ఉద్యోగిగా మొదలై, 1670లలో అబుల్ హసన్ తానీషాకు ప్రధాని అయ్యాడు. 1686లో అక్కన్న, మాదన్న సోదరులిద్దరూ హత్యకు గురయ్యేదాకా రాజ్యపు రాబడీ పోకా వాళ్ళ చేతుల మీదుగానే నడిచింది. కలం పట్టి పైకొచ్చిన ఒక మనిషి పేరు ఒక పేటకు నిలిచిపోయింది కాబట్టి, ఇంటి ఖర్చులు రాసుకోవడమనే చిన్న విషయం గురించి ఆలోచించడానికి ఇంతకన్నా తగిన చోటు లేదనిపిస్తుంది. పైగా తెలుగువాళ్ళకు అందరికన్నా బాగా తెలిసిన ఖర్చుల జాబితా కూడా ఈ ఇంటిదే. భద్రాచల రామదాసుగా మనకు తెలిసిన కంచెర్ల గోపన్న, సంప్రదాయ కథనం ప్రకారం, ఈ అన్నదమ్ములకు మేనల్లుడు. పాల్వంచ పరగణాలో వసూలైన సర్కారు సొమ్ము ఆరు లక్షలు గుడికి ఖర్చుపెట్టి, లెక్క చెప్పలేక గోలకొండ ఖైదులో పడ్డాడు.

రామదాసు పాడిన 'ఇక్ష్వాకు కులతిలకా' కీర్తనను భక్తితో వినేవాళ్ళు ఒక్కసారి దాన్ని పద్దుపుస్తకంగా కూడా వినాలి. ముందు వస్తువు పేరు, తరువాత ఎవరి కోసం చేయించినదీ, ఆపైన పట్టిన ఖర్చు. ప్రాకారం, భరతుడి పచ్చల పతకం, శత్రుఘ్నుడి మొలతాడు, లక్ష్మణుడి ముత్యాల పతకం, సీతమ్మ చింతాకు పతకం, ఇలా వరస తప్పకుండా సాగుతుంది. ఖైదులో కూర్చున్న తహసీలుదారు దేవుడికి తఫ్సీలు అప్పజెబుతున్నాడు. అయితే మనం పాడుకునే పాఠంలో గోడకైనా పతకానికైనా మొలతాడుకైనా అయిన ఖర్చు పదివేలే. లెక్కలు తెలిసినవాడెవడైనా ఇక్కడ ఆగుతాడు. చిట్టాలో ఉన్న అంకెలు ఇంత గుండ్రంగా ఉండవు. ఇది కాగితం లేని చోట జ్ఞాపకం చెప్పిన లెక్క.

జ్ఞాపకం లెక్కను ఎలా మారుస్తుందో మన దేశపు గణాంకాలే చూపించాయి. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఇంటింటికీ వెళ్ళి తిండికి ఎంతైంది, బట్టకు ఎంతైంది అని అడుగుతూ వస్తోంది. 1999-2000లో జరిగిన 55వ విడతలో తిండి ఖర్చును గడచిన 7 రోజులకూ గడచిన 30 రోజులకూ విడివిడిగా అడిగారు. వారం ఖర్చు అడిగితే ఎక్కువగానూ, నెల ఖర్చు అడిగితే తక్కువగానూ చెప్పడం జనానికి మామూలే. ఒకే మనిషిని రెండూ అడిగేసరికి ఒక జవాబు నీడ రెండోదాని మీద పడింది. దాంతో దేశంలో పేదరికం ఎంత తగ్గిందన్న లెక్కే వివాదంలో పడి, ఏళ్ళ తరబడి ఆర్థికవేత్తలు వాదించుకున్నారు. కనుక ఖర్చు రాసుకోవాలనేవాళ్ళ మాటలో నిజం ఉంది. రాయకపోతే పోయిన డబ్బు మనకు నిజంగానే కనబడదు. కానీ వాళ్ళు అక్కడితో ఆగిపోతారు. కొత్త సంవత్సరానికి కొన్న నోటు పుస్తకం సంక్రాంతి దాటేసరికి అటక ఎందుకెక్కుతుందో ఆ మాట చెప్పదు. నా వాదన ఇది: ఖర్చు రాయడమనే అలవాటు పొదుపు కోసం పుట్టింది కాదు, ఇంకొకరికి జవాబు చెప్పుకోవడం కోసం పుట్టింది. వినేవాళ్ళు లేని లెక్క నిలవదు. వినేవాళ్ళు ఎవరన్నదాన్ని బట్టి ఆ లెక్క మేలైనా చేస్తుంది, మెడకైనా చుట్టుకుంటుంది.

దీనికి మొదటి సాక్ష్యం మన భాషే. మనం 'లెక్క రాయడం' కంటే 'లెక్క చెప్పడం' అనే మాటే బరువుగా వాడతాం. ఒకరిని ఖాతరు చేయకపోతే 'లెక్కచేయలేదు' అంటాం, ఎవరికీ జడవని తీరును 'లెక్కలేనితనం' అంటాం. అంకెలకు పుట్టిన మాట మనిషికీ మనిషికీ ఉండే మన్ననకు పేరైంది. జమ, ఖర్చు, బాకీ, వసూలు, ఖాతా వంటి మాటలు పారసీలో నడిచిన దివాణాల నుంచి వచ్చాయి. అంటే పైవాడికి లెక్క ఒప్పజెప్పే చోటి నుంచి వచ్చాయి. 'దుబారా' కూడా 'రెండోసారి' అనే అర్థమున్న దోబారా నుంచే వచ్చిందనిపిస్తుంది. ఒకసారి పెట్టిన ఖర్చే మళ్ళీ పెట్టడం కన్నా వృథా ఏముంది? కరణాల లెక్కల్లో పావు, వీసం, కాని అంటూ నాలుగో వంతులుగా విరిగే భిన్నాలకు వేరే గుర్తులుండేవి. అందులో ఒక స్థానం ఖాళీ అని చెప్పే గుర్తు పేరు హళ్ళి. 'హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న' అని ఇప్పటికీ అనేది దాన్నే. ఆ గుర్తులనూ ధాన్యం కొలిచే తూము గుర్తునూ 2008లో యూనికోడ్‌లో చేర్చారు. ఖాళీ స్థానానికి కూడా గుర్తు పెడితే, ఆ చోట తరువాత ఎవరూ అంకె ఇరికించలేరు. తన కోసం తాను రాసుకునేవాడికి ఆ జాగ్రత్త అక్కర్లేదు. ఇంకొకరి కంట పడే లెక్కకే అది కావాలి.

తిరుమలలో రోజూ జరిగే కొలువు ఈ మాటను మరింత స్పష్టం చేస్తుంది. తెల్లవారుజామున తోమాల సేవ అయ్యాక కొలువు శ్రీనివాసమూర్తిని స్నపన మంటపంలో వెండి సింహాసనం మీద వేంచేపు చేసి, పంచాంగం చదివి, ముందు రోజు వచ్చిన రాబడి ఎంతో స్వామికి విన్నవిస్తారు. స్వామికి తెలియనిదని చదవరు. పైకి చదవాలి కాబట్టి రాసేవాడు జాగ్రత్తగా రాస్తాడు. పద్ధతిలోని బలమంతా ఆ పైకి చదవడంలోనే ఉంది. రామదాసు కీర్తన కూడా కొలువే, కాకపోతే తారుమారైన కొలువు. సర్కారుకు చెప్పాల్సిన లెక్క దేవుడికి చెప్పాడు, అదీ ఆలస్యంగా.

నిజాం కాలపు హైదరాబాదులో ఇంటి లెక్క ఒక్కరు రాసుకుంటే తేలేది కూడా కాదు. సంస్థానానికి సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయిని ఇక్కడ కల్దారు అనేవారు. ఆరు కల్దారులకు ఏడు హాలీ రూపాయలు. సర్కారు లెక్కలు ఫసలీ సంవత్సరంలో, పండుగలు హిజ్రీలోనో చాంద్రమానంలోనో, షావుకారి కొత్త పుస్తకం దీపావళికో ఉగాదికో. పది రూపాయలు బాకీ అంటే ఏ రూపాయి, నెలాఖరు అంటే ఏ నెల అన్నది ఇద్దరు కూర్చుని తేల్చుకోవలసిన విషయం. కిరాణా దుకాణపు ఉద్దెర ఖాతా ఈ అవసరానికి బాగా కుదిరిన ఏర్పాటు. షావుకారి దగ్గర ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం, కొనేవాళ్ళ ఇంట్లో మేకుకు వేలాడే చిన్న పుస్తకం. సరుకు తెచ్చిన ప్రతిసారీ రెండింట్లోనూ పద్దు పడుతుంది. తారీఖు, చక్కెర అర్ధసేరు, మంచినూనె పావుసేరు, చాపత్తా పొట్లం ఒకటి, ఎదురుగా ధర. నెల జీతం వచ్చిన రోజున రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి కూడతారు. పొదుపు చేద్దామని ఎవరూ ఆ చిన్న పుస్తకం పెట్టుకోలేదు. అయినా ఈ నెల నూనె ఎక్కువైందని ఇంటివాళ్ళకు తెలిసేది దాని వల్లే. నా దృష్టిలో మన ఊళ్ళలో నిజంగా నడిచిన గృహఖర్చుల పుస్తకం ఇదొక్కటే. ఒక పద్దు రెండు చేతుల్లో ఉండడమే దాని గుట్టు.

ఒంటరిగా లెక్క రాసి బాగుపడినవాళ్ళు లేరా అని అడగవచ్చు. వెంటనే తట్టే పేరు గాంధీ. లండన్‌లో చదువుకునే రోజుల్లో ప్రతి దమ్మిడీ రాసి, రాత్రి పడుకునే ముందు నిల్వ సరిచూసుకునేవాడినని ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆయన పుస్తకం ఎవరూ అడిగి చూడలేదు, నిజమే. కానీ ఆ డబ్బు రాజకోటలో ఇబ్బందులు పడుతూనే అడిగినప్పుడల్లా పంపిన అన్నగారిది. ఆ అన్నను తలచుకునే ఖర్చు తగ్గించుకున్నానని కూడా ఆయనే రాశారు. వినేవాడు గదిలో లేడు, మనసులో ఉన్నాడు. అందరికీ అంత గట్టి మనసు ఉండదు కాబట్టే మామూలు మనుషులకు ఎదురుగా కూర్చునేవాళ్ళు కావాలి. జపాన్‌లో హానీ మోతోకో అనే పాత్రికేయురాలు 1904లో ఇంటి ఖర్చుల పుస్తకం అచ్చువేసి ఇల్లాళ్ళకు అలవాటు చేసింది. కకేబో పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని ఒంటరి సాధనగా చెప్పుకుంటోంది. అక్కడ మాత్రం ఆమె పత్రిక చదివేవాళ్ళు 1930లో సంఘంగా ఏర్పడి, తమ పుస్తకాలు తెచ్చి ఒకరితో ఒకరు పోల్చుకున్నారు. అలవాటు నిలబడింది ఆ కూడికల వల్లనే అంటాను.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇంకొకరికి జవాబు చెప్పుకోవడమంటే ఇంకొకరికి లోబడడం కాదా? ఈ నేల మీద ఆ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. తెలంగాణ పల్లెల్లో తాత చేసిన అప్పు కింద మనుమడు భగేలాగా జీతం లేని చాకిరీ చేశాడు. అప్పు ఎంతో షావుకారి పుస్తకంలో ఉండేది, చేసినవాడికి ఆ పుస్తకం చదవడం రాదు. 1936లో సంస్థానం భగేలా ఒప్పందాల మీద చట్టం తెచ్చింది, ఆ తరువాత 1349 ఫసలీలో, అంటే 1939-40లో, వడ్డీవ్యాపారుల చట్టం వచ్చింది. వ్యాపారి అనుమతి తీసుకోవాలనీ, పద్ధతిగా లెక్క రాయాలనీ, దాన్ని బాకీదారుకు తెలియజేయాలనీ ఆ చట్టం ఉద్దేశం. తప్పు ఎక్కడుందో ఆ చట్టం చేసినవాళ్ళకు సరిగ్గానే తెలుసు. లెక్క ఉండడంలో తప్పు లేదు, అది ఒక్క చేతిలోనే ఉండడంలో ఉంది. ఈ కాలపు సాక్ష్యమూ ఇలాగే రెండు వైపులా చూపిస్తుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మరో ఇద్దరు కలిసి హైదరాబాదులోని 104 బస్తీలలో సూక్ష్మరుణాల మీద చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. అప్పు అందిన బస్తీల్లో మొత్తం ఖర్చేమీ పెద్దగా మారలేదు గానీ, టీ, పాన్, పొగాకు, బయటి తిండి వంటి వాటి మీద ఖర్చు తగ్గింది. వారం వారం కిస్తీ అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి చేయి వెనక్కి వచ్చిందని నేను చదువుకుంటాను. కానీ అదే వారం కిస్తీ ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ని కుటుంబాలను నలిపిందో సూక్ష్మరుణ సంస్థల మీద వచ్చిన 2010 అక్టోబరు ఆర్డినెన్సు గుర్తుచేస్తుంది. అడిగేవాడు ఒక్కడే అయి, అతన్ని మనం తిరిగి ఏమీ అడగలేనప్పుడు లెక్క ఉరితాడవుతుంది.

ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంటిలోపలే జరుగుతుంది. పోపుల డబ్బాలో దాచిన నోట్లు ఏ పుస్తకంలోనూ ఎక్కవు, ఎక్కకూడదు కూడా. ప్రతి రూపాయీ భర్తకు చెప్పాలన్న నియమం పొదుపు కాదు, కాపలా. పొదుపు సంఘాలు ఈ చిక్కును తమ దారిలో విప్పాయి. 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం నుంచి మన జిల్లాల్లో వ్యాపించిన సంఘాలకు పంచసూత్రాలున్నాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, లెక్కల నిర్వహణ. ఆ చివరిదానికీ మొదటిదానికీ ఉన్న ముడి చూడండి: పుస్తకం రాసేది కూడికలో, చదివేది కూడికలో. ఇక్కడ లెక్క వినేది తనలాంటి పది మంది, రేపు తానూ వాళ్ళ లెక్క వింటుంది. చేతిలో రెండు రూపాయలు ఆడని పేదలకు ఈ లెక్కలెందుకు అనేవాళ్ళకు 2009లో వచ్చిన 'పోర్ట్‌ఫోలియోస్ ఆఫ్ ది పూర్' పుస్తకం జవాబు. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాలలో పేద కుటుంబాల దగ్గరికి ఏడాదిపాటు రెండు వారాలకోసారి వెళ్ళి డబ్బు రాకపోకలు రాశారు. కాస్త చనువు కుదిరాకే లెక్కలకు పొంతన కుదిరింది. రాబడి తక్కువైన ఇంట్లో చేబదుళ్ళు, చిట్టీలు, ఉద్దెరలు ఎక్కువ. లెక్క అవసరమూ అక్కడే ఎక్కువ.

2016లో యూపీఐ వచ్చాక రాసే శ్రమ తీరిపోయింది. కొత్తిమీర కట్టకు పది రూపాయలు పంపినా తారీఖుతో, గంటతో సహా ఫోనులో ఉంటుంది. రాయకపోవడమే మన జబ్బైతే అది ఈపాటికి నయమై ఉండాలి. నయం కాలేదు, ఎందుకంటే ఆ జాబితా ఎవరి ముందూ ఎవరూ చదవరు. ఇక్కడే నాకు రామదాసు కథలోని చివరి ఘట్టం మళ్ళీ మళ్ళీ గుర్తొస్తుంది. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు బంట్లు అర్ధరాత్రి తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షలూ కుప్పపోశారంటారు. ఆ రాశి చూసి రాజు మురిసిపోయాడు. వాళ్ళు అక్కడే నిలబడి ముట్టినట్టు రసీదు అడిగి రాయించుకున్నారు, ఖైదుకు వెళ్ళి దాన్ని నిద్రపోతున్న గోపన్న తలగడ కింద పెట్టారు.