యంత్రములలో పనుల వరుస: మద్రాసు సంబంధము గల యొక ఘట్టము

చెన్నై నుండి గూడూరు పోవు రైలు మార్గమున మెయిలుబండి వచ్చు వేళకు గూడ్సుబండిని లూపులైనులో నిలిపి, మెయిలునకు దారి యిత్తురు. కాని గూడ్సుబండి రెండు స్టేషనుల నడుమ ప్రవేశించిన పిమ్మట వెనుక వచ్చు మెయిలైనను వేచియుండవలసినదే. వైద్యయంత్రములలోను, అంతరిక్ష నౌకలలోను ఇమిడియుండు కంప్యూటర్లు గడువులోపల పనులు ముగించుటకు ఈ రెండు రీతులనే యాశ్రయించినవి. తొందరపని రాగానే నడచుచున్న పనిని మధ్యలో నాపుట ప్రీఎంప్టివ్ పద్ధతి. చేపట్టినది ముగించియే మఱియొకదానికి పోవుట నాన్‌ప్రీఎంప్టివ్ పద్ధతి.

మొదటిది మేలనియు, రెండవది మోటదనియు తలంచువారు కలరు. అది సరికాదు. సగము వ్రాసిన లెక్కను వేఱొక పని వచ్చి చెఱచు భయము రెండవదానిలో లేదు.

1973లో సి. ఎల్. లియు, జేమ్స్ లేలండ్ ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకు పునాది. తఱచుగా వచ్చు పనికి హెచ్చు ప్రాధాన్యమిచ్చి, అవసరమైనపుడు తక్కినవానిని ఆపుచుండినచో, పనులన్నియు గలిసి యంత్రకాలములో సుమారు 69 శాతము మించనంతవఱకు ఏ గడువును తప్పదని వారు నిరూపించిరి. అయితే ఆ పనులకు పరస్పర సంబంధము లేదని వారు భావించిరి. వాస్తవమునందు అట్టివి అరుదు. ఒకే సమాచారమును పలుపనులు ముట్టును. ముట్టునపుడు ఒకటి తాళము వేసికొనగా, తక్కినవి వెలుపల నిలుచును.

ఈ చిక్కు 1997లో అంగారకునిపై బయటపడెను. ఆ యేడు జూలై 4న అచట దిగిన అమెరికా పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటరు, కొలది దినములకే తనంతట తాను మఱల మఱల మొదటికి వచ్చుచుండెను. అట్లు జరిగిన ప్రతిసారి ఆ దినమున మిగిలిన పరిశోధన మఱునాటికి వాయిదా పడెడిది. వాతావరణ వివరములు చేర్చు చిన్నపని తాళము పట్టియుండగా, సమాచార మార్గమును నడపు పెద్దపని దానికై వేచియుండెను. అంతలో నడిమి తరగతి పనులు వచ్చి చిన్నదానిని ఆపివేసెను. చిన్నది కదలదు, తాళము విడువదు. పెద్దది గడువు తప్పెను. అది గమనించిన కావలి యేర్పాటు యంత్రమును తిరిగి ప్రారంభించెను. పెద్దదానిని నిలిపినది చిన్నది కాదు, దానితో నే సంబంధమును లేని నడిమివి!

దీనికి మందు ముందే సిద్ధమైయుండెను. 1990లో లూయి షా, రఘునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోజ్‌కీ యను మువ్వురు దానిని శాస్త్రీయముగా వివరించిరి. వీరిలో రాజ్‌కుమార్ 1984లో మద్రాసు విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు పట్టము పొంది, కార్నెగీ మెలన్‌లో పరిశోధించినవారు. పెద్దపని వేచియున్నంతసేపు, తాళము పట్టిన చిన్నపనికి పెద్దదాని ప్రాధాన్యమునే యీయవలెనని వారి సూత్రము. అపుడు నడిమివి దానిని ఆపజాలవు. ఈ సౌకర్యము నౌకలో నుండియు, ఆ తాళమునకు వర్తింపజేయబడలేదు. ఇంజనీర్లు భూమిపై నున్న ప్రతిరూప యంత్రమున లోపమును మఱల రప్పించి చూచి, సవరణను అంగారకునికి పంపిరి. నౌక కుదుటబడెను.

చెన్నై ఐ.ఐ.టి. ఆచార్యులు సి. శివరామమూర్తి, జి. మణిమారన్‌తో గూడి వ్రాసిన ఈ విషయక గ్రంథము 2001లో ఎం.ఐ.టి. ప్రెస్ వారిచే వెలువడినది.