ఘటోత్కచుడికి ఇంధనం ఎవరు పోశారు?

బెజవాడ నుంచి మాట్లాడుతున్నాను. కథల్లో అంతరిక్ష నౌకలు ఎలా ఎగురుతాయి, నిజం నౌకలు ఎలా ఎగిరాయి, ఇదీ ఈరోజు టాపిక్. 1957 నుంచి మొదలుపెడదాం.

ఆ ఏడాది మార్చిలో ‘మాయాబజార్’ వచ్చింది. కృష్ణుడు ఎన్టీఆర్‌ది నిమ్మకూరు, అభిమన్యుడు ఏఎన్నార్‌ది గుడివాడ దగ్గర రామాపురం, ఘటోత్కచుడు ఎస్వీ రంగారావుది నూజివీడు. ముగ్గురూ మన ఉమ్మడి కృష్ణా జిల్లా వాళ్లే. ఘటోత్కచుడు నిద్రపోతున్న శశిరేఖని పాన్పుతో సహా ఎత్తుకుని ఆకాశంలో వెళ్లిపోతాడు కదా? ఇంజిన్ ఏది, ఇంధనం ఏది అని మనం అడగం. అది మాయ, అంతే.

అదే ఏడాది అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని పంపింది. దాని బరువు 83.6 కిలోలు. మోసుకెళ్లిన రాకెట్ బరువు? సుమారు 267 టన్నులు! అందులో చాలా భాగం ఇంధనం, దాన్ని మండించే ఆక్సిజనే.

ఎందుకంత? కృష్ణలో చిన్న పడవలో కూర్చుని ఇసుక మూట ఒకటి వెనక్కి విసరండి. పడవ కాస్త ముందుకి జరుగుతుంది. రాకెట్ చేసేదీ ఇదే, వేడి గ్యాస్‌ని వెనక్కి చిమ్మి ముందుకెళ్తుంది. చిక్కేంటంటే, విసరాల్సిన మూటలన్నీ ముందే పడవలో వేసుకోవాలి. మొదటి మూటలు విసిరేది చాలావరకు మిగతా మూటల్ని మోయడానికే. ఈ లెక్కని 1903లో అచ్చు వేయించింది రష్యాలో ఓ స్కూల్ మాస్టారు, త్సియోల్కోవ్‌స్కీ.

ఆయనకి ఈ పిచ్చి పట్టించింది జూల్స్ వెర్న్ కథలు. 1865 నవలలో వెర్న్ మనుషుల్ని ఫిరంగిలో పెట్టి చంద్రుడి వైపు పేల్చాడు. నిజంగా చేస్తే ఆ కుదుపుకే లోపలున్నవాళ్లు నుజ్జయిపోతారు. 1901లో హెచ్.జి.వెల్స్ గురుత్వాకర్షణని అడ్డుకునే పదార్థాన్ని ఊహించాడు. 1966లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ వార్ప్ డ్రైవ్ అంది. గమనించారా? ముగ్గురూ మూటల గొడవని తప్పించుకున్నారు. కథ కదా, తప్పు లేదు.

మన పుష్పక విమానం ఇంకా గొప్పది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు ఉంటుందంటారు. అందమైన ఊహ. కానీ వాట్సాప్‌లో “ప్రాచీన విమానాలకి పాదరసం ఇంజిన్లు ఉండేవి” అని తిరిగే మెసేజ్ వేరే సంగతి. వాళ్లు చూపించే పుస్తకం ‘వైమానిక శాస్త్రం’. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు దాన్ని పరీక్షించి తేల్చిందేంటంటే, అది 1900 తర్వాత తయారైన రచన, అందులోని విమానాలు ఎగరలేవు. ఈ మాట చెబితే రామాయణానికి వచ్చే నష్టం ఏమీ లేదు. నమ్మితే మాత్రం నష్టం మనకే. మూటల లెక్కతో నిజంగా కుస్తీ పట్టినవాళ్లని మర్చిపోతాం.

ఆ కుస్తీ మన దేశంలోనే జరిగింది. తక్కువ బరువుతో ఎక్కువ తోపు కావాలంటే క్రయోజెనిక్ ఇంజిన్ కావాలి. అందులో హైడ్రోజన్ని మైనస్ 253 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ని మైనస్ 183 దగ్గర ద్రవంగా ఉంచాలి. టెక్నాలజీ ఇస్తానన్న రష్యా, అమెరికా ఒత్తిడితో 1993లో వెనక్కి తగ్గింది. తయారైన ఇంజిన్లు మాత్రం ఇస్తానంది. మనవాళ్లు సొంతంగా మొదలెట్టారు. 2010 ఏప్రిల్ 15న తొలి ప్రయత్నం ఫెయిల్. 2014 జనవరి 5న సక్సెస్! అంటే దాదాపు ఇరవై ఏళ్ల పని.

2023లో చంద్రయాన్-3ని మోసిన రాకెట్ సుమారు 640 టన్నులు. చంద్రయాన్ మొత్తం బరువు 3,900 కిలోలు. చివరికి చంద్రుడి నేల మీద చక్రాలతో నడిచిన ప్రజ్ఞాన్ 26 కిలోలు. అంటే దాదాపు ఒక బియ్యం బస్తా! 640 టన్నుల బండి కట్టి ఒక్క బస్తా డెలివరీ ఇస్తారా అని ఆటోనగర్‌లో ఏ లారీ ఓనర్‌ని అడిగినా నవ్వుతారు. అంతరిక్షానికి మాత్రం కిరాయి అదే.

2018లో తెలుగులో ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’ వచ్చింది. భూమికి దగ్గర కక్ష్యలో నిలవాలంటే గంటకి దాదాపు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. దూరం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ఎంత వేగం కావాలంటే అన్ని మూటలు.

అందుకే ఈసారి స్పేస్ సినిమా చూసినప్పుడు హీరోని కాదు, ట్యాంక్‌ని వెతకండి. ట్యాంక్ కనిపించని నౌక ఏ సినిమాలో చూశారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!