రాబందునకు వాసన తెలియునా?



నా బాల్యమున జమ్మలమడుగు ప్రాంతమున ఊరి వెలుపల పశువు చచ్చి పడినచో, జాము గడువకమునుపే రాబందులు ఆకాశమున సుళ్లు తిరుగుచుండెడివి. “కంపు వాటికి ఆమడ దూరమునకు తెలియును” అని మా తాతగారనెడివారు. నేను నమ్మితిని, బడిపిల్లలకును అట్లే బోధించితిని. అది పొరపాటని పిమ్మట తెలిసికొంటిని. ఆ తప్పు దిద్దుకొనుటకే నేటి ప్రసంగము.

ఈ వివాదము రెండువందల యేండ్లనాటిది. అమెరికా రాబందులను పరీక్షించిన ఆడుబాను అను పక్షిశాస్త్రజ్ఞుని వ్యాసమును 1826లో ఎడింబరోలో చదివిరి. గడ్డి కూరిన జింకతోలును బయలునందుంచగా రాబందు వచ్చి వ్రాలెను. క్రుళ్లిన పందిని పల్లమున దాచి రెల్లు గప్పగా ఒక్కటియు రాలేదు. కావున చూపే గాని వాసన లేదని యాతడు తేల్చెను. 1964లో స్టేగరను శాస్త్రజ్ఞుడు దీనిని సవరించెను. అచ్చటి యెఱ్ఱతల రాబందు వాసన పట్టియే వచ్చును. కాలిఫోర్నియాలో గ్యాసు గొట్టము చిల్లిపడినచోట, అందు కలిపిన దుర్గంధద్రవ్యమునకు ఆ పక్షులు మూగుట పనివారు చూచియుండిరి.

మన రాబందులు వేఱు జాతివి. వీనికి కన్నే ముఖ్యాధారము. ఒకటి దిగుట చూచి మఱియొకటి, దానిని చూచి వేఱొకటి, ఇట్లు దూరదూరములనుండి చేరును. సంపాతి సముద్రతీరమునుండియే లంకలోని సీతను కనుగొనెనని రామాయణము చెప్పుట ఊరక కాదు.

ఇక రుచి. కోడినోట రుచిమొగ్గలు కొన్ని వందలే, మనకు వేలకొలది. అయినను పక్షికి రుచి లేదనరాదు. వగరెక్కువైన ఎఱ్ఱజొన్నను పిట్టలు అంతగా ముట్టవు. మిరపపండును మాత్రము చిలుక హాయిగా తినును. కారపు మంట పక్షి నరములకు తగులదని 2002లో కోడియందు పరిశీలించి తెలిపిరి.

మనలను మండించునది దానికి తెలియదు. దానిని చంపునదియు దానికి తెలియలేదు. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాకు మందు కళేబరమున మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచెనని 2004లో బయటపడెను. 1992 నుండి 2007 లోపల మన తెల్లవీపు రాబందులు వేయింటికి ఒకటి చొప్పున మిగిలెను. కన్ను ఆహారమును చూపెను గాని, ముక్కును నాలుకయు విషమును చెప్పలేదు.

పశువులకు ఆ మందును 2006లోను, అసిక్లోఫెనాకు, కీటోప్రొఫెనులను 2023లోను ప్రభుత్వము నిషేధించెను. మెలాక్సికాము రాబందులకు హాని చేయదని తేలినది.

ఇటీవల గండికోటకు పోయి పెన్నలోయమీద ఎంతసేపు చూచినను నాకొక్క రాబందును కానరాలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల పెద్దలారా! ఎద్దునకు సూది వేయించునపుడు మందు పేరడుగుడు. పక్షి యెఱుగలేనిదానిని మనమైనను ఎఱిగి మెలగవలెను. సెలవు.