సీలియాక్ వ్యాధి: కృష్ణా డెల్టాలో ఇంటి పథ్యం

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడకపోవడం వల్ల వచ్చే జబ్బు సీలియాక్. గ్లూటెన్ లోపలికి వెళ్లినప్పుడల్లా శరీర రక్షణ వ్యవస్థ ఎదురుతిరిగి సొంత చిన్నపేగు పొరనే దెబ్బతీస్తుంది. విరేచనాలు, కడుపుబ్బరం, ఎన్ని మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల లోపం దీని లక్షణాలు. నయం చేసే మందు లేదు. గ్లూటెన్‌ను జీవితాంతం మానేయడమే వైద్యం.

1924లో అమెరికా పిల్లల వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపళ్ల పథ్యంతో ఈ జబ్బున్న పిల్లలు కోలుకుంటున్నారని ప్రకటించాడు. ఘనత అరటిపండుది కాదు, ఆ పథ్యంలో రొట్టె లేకపోవడానిది. 1944–45 చలికాలపు కరువులో రొట్టె దొరకని నెదర్లాండ్స్‌లో పిల్లలు తేరుకోవడం, రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టడం అక్కడి పిల్లల వైద్యుడు విల్లెం డికె గమనించాడు. గోధుమే దోషి అని తేల్చింది ఆయనే. కొల్లూరు లంకల అరటిపండు, దుగ్గిరాల పసుపు నిక్షేపంగా తినవచ్చు గానీ ఈ జబ్బుకు అవి మందు కావు. జీలకర్ర నీళ్లు, వాము కషాయం ఉబ్బరానికి కాస్త ఉపశమనం ఇస్తాయేమో, అంతవరకే.

2016లో వెలువడిన ఒక అధ్యయనంలో సీలియాక్‌ను సూచించే ప్రతిదేహాలు ఉత్తర భారతంలో 1.23 శాతం మంది రక్తంలో, దక్షిణాదిలో 0.10 శాతం మంది రక్తంలో కనిపించాయి. జబ్బుకు వీలిచ్చే జన్యువులు రెండుచోట్లా దాదాపు సమానమే. తేడా కంచంలో ఉంది: రోజుకు తినే గోధుమ అక్కడ 455 గ్రాములు, ఇక్కడ 25.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు పథ్యం ఆ లెక్కన సగం సిద్ధంగా ఉన్నట్టే. సాంబమసూరిగా పేరుపడ్డ వరి వంగడం బీపీటీ 5204 బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైంది. వరి కోతకు ముందు అదే పొలంలో మినుము చల్లుతారు. ఇడ్లీ, దిబ్బరొట్టె, బియ్యపు రవ్వ ఉప్పుడు పిండి, పెసరట్టు, జొన్నరొట్టె, రాగి సంకటి, సున్నుండలు, అరిసెలు అన్నీ పనికొచ్చేవే. పెసరట్టులో పెట్టే బొంబాయి రవ్వ ఉప్మా మాత్రం పనికిరాదు. సేమ్యా, పూరీ, మైసూరు బజ్జీ, మైదా కలిపిన పునుగులు, జిలేబీ, బొబ్బట్లు కూడా అంతే.

చిక్కంతా కంటికి కనబడని గోధుమతోనే. పులిహోరలో, చారులో వేసే డబ్బా ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండి కలుపుతారు. డబ్బా వెనక చదివి, బియ్యప్పిండి కలిపినది ఎంచుకోవాలి. పిండిమరలో మనకంటే ముందు ఎవరో గోధుమలు ఆడిస్తే ఆ పిండి మన బియ్యప్పిండిలో కలుస్తుంది. ఇంట్లోనే మిక్సీ పట్టుకోవడం మేలు. పూరీలు వేసిన నూనెలో గారెలు వేయకూడదు. పిల్లవాడు నీరసంగా ఉన్నాడని పాలలో కలిపే మాల్టు పొడుల్లో బార్లీ, గోధుమ ఉంటాయి. పుష్టి కోసం ఇచ్చేదే జబ్బును పెంచుతుంది. సత్యనారాయణ వ్రతం ప్రసాదం సాధారణంగా గోధుమ రవ్వతోనే చేస్తారు. కళ్లకద్దుకుని పక్కవారికి ఇచ్చేయడమే దారి. ‘ఒక్క ముద్దకేమవుతుందిలే’ అనే పెద్దలకు నచ్చజెప్పడం పథ్యంలోకెల్లా కష్టమైన భాగం. మన ఆహార ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ రహితమని ముద్రించే సరుకులో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఆ హద్దు ఎంత చిన్నదో చూస్తే ముద్ద సంగతి తెలుస్తుంది.

పేగు కోలుకునేదాకా కొందరికి పాలు అరగవు. పెరుగు, మజ్జిగ కాస్త తేలిగ్గా పడతాయి. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం, విటమిన్ డి, బీ12 లోటును రక్తపరీక్షతో చూసి వైద్యుడు సరిచేయాలి; మునగాకు, తోటకూర తోడుగా ఉంటాయి. అనుమానం రాగానే గోధుమ మానేయడం మాత్రం పొరపాటు. ముందే మానేస్తే రక్తంలో ప్రతిదేహాల పరీక్ష, పేగు ముక్క పరీక్ష రెండూ జబ్బు లేదని తప్పు చెప్పవచ్చు. పరీక్షలు పూర్తయ్యాకే పథ్యం మొదలుపెట్టాలి. ఇంట్లో ఒకరికి తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి.