ఇల్లు చేరిన కిటికీ
మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీలు చూసే ఉంటారు కదా! ఇంగ్లండ్‌లో యార్క్ మిన్‌స్టర్ చర్చిలో 13వ శతాబ్దపు పెద్ద కిటికీ ఒకటుంది. పేరు ఫైవ్ సిస్టర్స్, అంటే అయిదుగురు అక్కచెల్లెళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో దాన్ని ఊడదీసి దాచారు. యుద్ధం అయ్యాక తిరిగి బిగించడానికి డబ్బు కావాల్సి వచ్చింది.

అప్పటికి ఊరూరా మగవాళ్లకు స్మారకాలు లేస్తున్నాయి, ఆడవాళ్ల ఊసే తక్కువ. ఈ కిటికీనే వాళ్ల గుర్తుగా నిలపాలని హెలెన్ లిటిల్ అనే ఆవిడ పూనుకుంది. 32 వేల మంది ఆడవాళ్లు తలా కొంచెం వేశారు. 1925 జూన్ 24న కిటికీ తన చోట మళ్లీ వెలిగింది.

దగ్గర్లోనే చెక్క పలకల మీద 1,400 మందికి పైగా ఆడవాళ్ల పేర్లు రాశారు. వాళ్లలో నర్సులూ ఉన్నారు, డ్యూటీలోనే పోయినవాళ్లు. కిటికీ ఇల్లు చేరింది, వాళ్లు చేరలేదు. పేర్లయినా చేరాయి. ఇంటికి దూరంగా ఇక్కడ నైట్ డ్యూటీలు చేసే మనకు ఆ సంగతి మనసుకి తగులుతుంది.