ఒళ్ళో టైప్‌రైటర్ పెట్టుకుని రాసిన వెండెల్ స్మిత్

జాకీ రాబిన్సన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగి, అరవై ఏళ్ళకు పైగా నల్లవాళ్ళని రానివ్వని అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అడుగుపెట్టినవాడు. ఆయన్ని అక్కడిదాకా తెచ్చిన విలేకరి వెండెల్ స్మిత్. ఈయన గురించి మనకి తెలిసింది తక్కువ.

1914లో డెట్రాయిట్‌లో పుట్టాడు. తనూ ఆటగాడే, పిచ్చర్. పందొమ్మిదేళ్ళప్పుడు ఒక మ్యాచ్ 1-0తో గెలిపించాడు. చూడ్డానికొచ్చిన స్కౌట్ అతని జట్టు క్యాచర్‌నీ, ఓడిన జట్టు పిచ్చర్‌నీ తీసుకున్నాడు. ఇద్దరూ తెల్లవాళ్ళు. నిన్నూ తీసుకోవాలనే ఉంది గానీ కుదరదని స్మిత్‌కి చెప్పేసి పోయాడు.

తర్వాత నల్లవాళ్ళ పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్‌లో చేరాడు. మాదేం లేదు, మా ఆటగాళ్ళే ఒప్పుకోరు అని యజమానులు తప్పించుకునే రోజులవి. సరే, ఆటగాళ్ళనే అడుగుదాం అనుకున్నాడు స్మిత్. 1939లో దాదాపు నలభైమంది తెల్ల ఆటగాళ్ళనీ, మేనేజర్లనీ నేరుగా అడిగాడు. ఎక్కువమంది అభ్యంతరం లేదన్నారు. పేర్లతో సహా అచ్చేశాడు. ఆయన చేసినవాటిల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే.

1945 ఏప్రిల్‌లో రాబిన్సన్‌తో పాటు మరో ఇద్దరిని బోస్టన్ రెడ్ సాక్స్ దగ్గరికి ట్రయల్‌కి తీసుకెళ్ళాడు. ట్రయల్ అయింది, కబురు రాలేదు. (ఆ జట్టు తొలి నల్ల ఆటగాణ్ణి దింపింది 1959లో, అన్ని జట్లకన్నా ఆఖరున!) తిరిగొస్తూ బ్రూక్లిన్‌లో డాడ్జర్స్ అధినేత బ్రాంచ్ రికీని కలిసి రాబిన్సన్ పేరు చెప్పాడు. అదే ఏడాది అక్టోబర్‌లో రికీ సంతకం చేయించుకున్నాడు.

ఆ తర్వాత రాబిన్సన్ ఎక్కడుంటే స్మిత్ అక్కడ. 1946లో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో బెదిరింపులొస్తే ఇద్దరూ ఊరొదిలి పోవాల్సొచ్చింది. నల్లవాళ్ళకి హోటల్ గది ఇవ్వని ఊళ్ళలో తిండీ, వసతీ వెతికింది స్మిత్తే. ఇందుకు రికీ దగ్గర జీతం తీసుకున్నాడు. విలేకరి ఇలా చెయ్యొచ్చా అని ఇవాళ అడుగుతారు, అడగాల్సిందే. కానీ అదే విలేకరిని చాలా స్టేడియాల్లో ప్రెస్ బాక్స్‌లోకే రానివ్వలేదు. ప్రేక్షకుల మధ్య కూర్చుని ఒళ్ళో టైప్‌రైటర్ పెట్టుకుని రిపోర్టులు కొట్టాడు.

చికాగో వెళ్ళాక కూడా వదల్లేదు. 1961లో, స్టార్‌లైన నల్ల ఆటగాళ్ళు సైతం ఫ్లోరిడా శిక్షణ శిబిరాల్లో జట్టు హోటల్‌కి దూరంగా వేరే ఇళ్ళలో తలదాచుకోవాల్సిన సంగతి రాస్తూనే పోయాడు. దాంతో క్లబ్బులు ఒక్కొక్కటిగా హోటళ్ళు మార్చాయి.

1972 అక్టోబర్ 24న రాబిన్సన్ పోయాడు. జబ్బుతో ఉన్న స్మిత్ ఆయన మీద నివాళి రాశాడు. నెల తిరిగేసరికి, నవంబర్ 26న, తనూ పోయాడు.