చిటపట చెప్పిన నిజం

మా అబ్బాయి కాలేజీ హాస్టల్‌కి వెళ్లే ముందు, "ఏం చేసిపెట్టమంటావురా?" అని అడిగాను. గుత్తొంకాయ అంటాడనుకున్నా. "స్టేక్ చెయ్యమ్మా, రెస్టారెంట్లోలా" అన్నాడు. అమెరికా వచ్చి ఇన్నేళ్లయినా మా ఇంట్లో చేయనిది అదొక్కటే.

చేశాను. బూడిద రంగులో, చెప్పు తోలులా వచ్చింది. వాడు ఒక్క మాటా అనకుండా తినేశాడు. అనకపోవడమే నాకు బాధేసింది.

ఎక్కడ చూసినా ఒకటే మాట: ముందు పెద్ద మంట మీద కాలిస్తే పైన పొర కట్టి, రసం లోపలే ఉండిపోతుందని. నేనూ అలాగే చేశాను కదా! ఆ మాట ఎవరన్నారా అని వెతికితే జస్టస్ వాన్ లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దగ్గర తేలింది. 1847లో మాంసం గురించి రాసిన పుస్తకంలో, వేడికి పైభాగం గట్టిపడి రసాన్ని ఆపుతుందని ఆయన చెప్పాడు. అంతకుముందు వంటవాళ్లు మాంసాన్ని నిప్పుకు కాస్త దూరంగా పెట్టి ఉడకనిచ్చి, చివర్లో దగ్గరకు జరిపి రంగు తెప్పించేవారట. పెద్ద శాస్త్రవేత్త చెప్పాడు గనక అందరూ పద్ధతి మార్చుకున్నారు. ఫ్రెంచి వంటకు పెద్ద దిక్కయిన ఎస్కోఫియే కూడా 1903 నాటి తన పుస్తకంలో ఇదే నమ్మాడు.

1930ల్లో అమెరికాలో పరిశోధకులు కాల్చిన మాంసాన్నీ, కాల్చని మాంసాన్నీ తూచి చూశారు. కాల్చినదాంట్లో నీరేమీ ఎక్కువ మిగల్లేదు. ఆలోచిస్తే దానికి తక్కెడ కూడా అక్కర్లేదు. పొర కట్టాక కూడా పెనం మీద చిటపటలాడేదేమిటి? బయటికొస్తున్న ఆ రసమే కదా!

మరి కాల్చడం దేనికి? రుచికి. 1912లో లూయీ కమీల్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి గోధుమరంగు తేలడాన్ని వివరించాడు. ఆ కమ్మటి వాసనంతా దానిదే. అది జోరుగా జరగాలంటే దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నీరు 100 దగ్గరే మరుగుతుంది. అంటే పైన తడి ఉన్నంతసేపూ మాంసం ఉడుకుతుందే గానీ వేగదు.

ఇది చదివి నా తల నేనే కొట్టుకున్నాను. మటన్ వేపుడు చేసేటప్పుడు మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, నీరు ఇగిరాకే రంగొస్తుందని! నేనేమో చన్నీళ్లు కారుతున్న మూడు ముక్కల్ని పల్చటి పెనంలో ఒకేసారి కుక్కాను.

రెండోసారి అంగుళం మందం ముక్కలు తెచ్చాను. ముందురోజు రాత్రే ఉప్పు రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. వండేముందు కాగితంతో ఒత్తి తడి లేకుండా తుడిచాను. దోసెలు పోసే ఇనప పెనం బాగా కాలాక, నూనె రాసి ఒక్కొక్క ముక్కే వేశాను. రంగొచ్చాక మంట తగ్గించి, మాటిమాటికీ తిప్పాను. చివర్లో కాస్త వెన్న, రెండు వెల్లుల్లి రెబ్బలు. లోపల 63 డిగ్రీలు వచ్చాక దింపి మూడు నిమిషాలు ఆగమంటుంది ఇక్కడి వ్యవసాయశాఖ. థర్మామీటరు గుచ్చి చూసి, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువే ఆగి కోశాను. పైన ముదురు గోధుమరంగు, లోపల లేత గులాబీ.

వాడు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "ఎలా చేశావమ్మా?" అన్నాడు. అమ్మమ్మ చెప్పినట్టు చేశానన్నాను. నవ్వాడు, నమ్మలేదు.

వాడు బయల్దేరే రోజు ఆ పెనం కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, కాగితం చుట్టి వాడి పెట్టెలో పెట్టేశాను. దోసెలకి నేనింకోటి కొనుక్కోవాలి.